మధ్య వరుసలో పూలగొడుగు

పోయిన నెలలో ఒక ఉదయం కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే నా ఫోనుకు ఒక పాత ఫొటో వచ్చింది. దాని వెనకే ఒకదాని తర్వాత ఒకటిగా పదహారు వాక్యాలు వచ్చిపడ్డాయి. పంపింది నా పాత విద్యార్థిని. ఒకప్పుడు నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని వేయించిన చింతగింజలను చప్పుడు కాకుండా నమలగలిగిన ప్రజ్ఞావంతురాలు. ఇప్పుడు నేను చదివిన కాలేజీలోనే లెక్చరరు. కాలేజీకి ఏవో ఉత్సవాలు చేస్తున్నారట, ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నారట. స్టోరు రూములో విరిగిన బల్లల వెనక ఈ గ్రూపు ఫొటో దొరికిందట. అట్ట అడుగు భాగం చెదలు తినేయడంతో అది ఏ సంవత్సరమో, అందులో ఉన్నది ఎవరో తెలియడం లేదు. కానీ చూసినవాళ్లంతా పడిపడి నవ్వుతున్నారని, దీనికింద ఎవరు మంచి సరదా వ్యాఖ్య రాస్తారో చూద్దామని పిల్లలకు పోటీ పెట్టారు. "మీరే జడ్జి మేడం. స్కూల్ల అన్ని హాస్య నాటికలు రాయించి మాతోటి ఆడించింది మీరే కదా. జల్దీ చెప్పాలె, ప్రెస్సుకు పోవాలె," అంది ఫోనులో. నేను ఆ కాలేజీలో చదివానని ఆమెకు తెలుసు, ఆ ఫొటోలో ఉన్నానని తెలియదు. తెలిసే వీలూ లేదు. నలభై కిలోల బరువుతో, మోకాళ్ల నొప్పులు లేకుండా, నూనె పెట్టిన జడతో కుర్చీ అంచున కూర్చున్న ఆ పిల్లను నేనే కలుసుకుని చాలాకాలమైంది.

ఫొటోలో నాలుగు వరుసలున్నాయి. కింద నేల మీద కొందరు, వెనక కుర్చీల్లో ప్రిన్సిపాలు, లెక్చరర్లు, రెండు చివర్లా ఇద్దరేసి అమ్మాయిలు, ఆ వెనక రెండు వరుసల్లో నిలబడ్డ అబ్బాయిలు. ఇంతవరకు అన్ని కాలేజీల ఫొటోల్లాగే ఉంది. కానీ లెక్చరర్ల కుర్చీల్లో ఒకటి ఖాళీ. ఆ కుర్చీలో ఉండాల్సిన మనిషి, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా, దట్టమైన మీసం, చూస్తేనే హోంవర్కు గుర్తొచ్చే ముఖం, వెళ్లి అబ్బాయిల వరుసలో నిలబడి ఉన్నాడు. చేతిలో విప్పిన గొడుగు. అదీ ఆడవాళ్ల గొడుగు, దాని నిండా అరచేయంత పూలు. దాన్ని తన నెత్తిన పట్టుకోకుండా పక్కనున్న కుర్రాడి నెత్తిన పట్టాడు. అందరి నీడలూ నేల మీద నల్లగా పడి ఉన్నాయి, మబ్బు లేదు, వాన లేదు. ఆ కుర్రాడు మండే ఎండలో అరచేతుల దాకా వచ్చిన ఉన్ని స్వెట్టరు వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, కెమెరా వైపు చూస్తూ హాయిగా నవ్వుతున్నాడు. గొడుగు పట్టిన సారు కెమెరా వైపు చూడటం లేదు, కుర్రాడి వైపు చూస్తున్నాడు. కుడి చివర కుర్చీలో ఒక అమ్మాయి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి ఉంది. కాబట్టి నవ్వు రావడంలో పిల్లల తప్పేమీ లేదు.

వ్యాఖ్యలు చదివాను. "బాటనీ సారు కనిపెట్టిన కొత్త పుష్పజాతి, ఇంకా పేరు పెట్టలేదు," అని ఒకరు రాశారు. ఆయన బాటనీ సారని ఆ పిల్లకు ఎలా తెలిసిందో, మీసం చూసి ఊహించిందో నాకు తెలియదు, నిజంగానే ఆయన బాటనీ సారే. "పెళ్లికొడుకు వచ్చిండు, గొడుగు వచ్చింది, పిల్లనే ఇంకా రాలే," అని ఇంకొకరు. "ఒక్కరోజు కూడా క్లాసు ఎగ్గొట్టనివారికి కాలేజీ తరఫున సన్మానం," అని మరొకరు. వీటన్నిటికీ నేను పెదవి కదపలేదు. తొమ్మిదోది మాత్రం, "వాతావరణ సమాచారం: మూడో వరుసలో నాలుగో విద్యార్థి మీద ఓ మోస్తరు వర్షం, మిగతా కాలేజీ అంతటా పొడి వాతావరణం," అన్నది చదివి నవ్వాను. నవ్వినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. దాన్నుంచి తేరుకునేలోగా పదకొండోది చదివాను. "చివరి కుర్చీలో అమ్మాయి మనసులో మాట: అయ్యో, అది నా గొడుగు!"

ఎవరో పద్దెనిమిదేళ్ల పిల్లో పిల్లాడో తమాషాకు రాసిన ఆ మాట అక్షరాలా నిజం. కాఫీ చల్లారిపోయింది. నేను పీటేసుకుని బీరువా పై అరలో చేయి పెట్టి, చీరల అడుగున ప్లాస్టిక్ కవరులో ఉన్న నా ఫొటో తీసి పక్కన పెట్టుకున్నాను. నా దాని అట్ట చెదలు తినలేదు. పేర్లన్నీ ఉన్నాయి.

గొడుగు సంగతి చెప్పాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. మాది కూసుమంచి పక్కన పల్లె, తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. డిగ్రీ చదువుతానని నేను మొండికేస్తే మా నాన్న నన్ను సారపాకలో మా పెద్దమ్మ దగ్గర పెట్టాడు. మా పెద్దనాన్నకు అక్కడి కాగితం మిల్లులో ఉద్యోగం. గాలి ఇటు తిరిగిందంటే మిల్లు వాసన, కుళ్లిన కోడిగుడ్లలాంటిది, ఇల్లంతా నిండేది. మా పెద్దమ్మ ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రానిచ్చేది కాదు. చుట్టాలెవరైనా వచ్చినప్పుడు గాలి అలా తిరిగితే గుమ్మం దగ్గరే ఎదురెళ్లి, "మిల్లుదండీ, మిల్లుదండీ, మా వంటింట్లోది కాదు," అని చెప్పేది. నా చదువు మీద ఆవిడకు అభ్యంతరం లేదు గాని నా రంగు మీద బెంగ ఉండేది. ఎండకు నల్లబడితే మా అమ్మకు ఏం జవాబు చెప్పాలని, పెద్దనాన్న విజయవాడ వెళ్లినప్పుడు ఒక మడతగొడుగు తెప్పించింది. గులాబీ రంగు గుడ్డ మీద పసుపు పూలు. దాన్ని విప్పితే ఊళ్లో కుక్కలు మొరిగేవి. నేను అది బ్యాగులో మడిచి పెట్టుకుని, పెద్దమ్మ వీధి దాటేదాకా పట్టుకుని, బస్సెక్కగానే మళ్లీ మడిచేసేదాన్ని.

కాలేజీ అడవికి ఆనుకుని ఉన్న చిన్న ఊళ్లో ఉండేది. బాటనీ ప్రయోగశాలలో ఇద్దరికి ఒక బెంచీ. నాకు జోడీగా పడ్డది మణుగూరు అబ్బాయి. తండ్రి బొగ్గుబాయిలో దిగే కార్మికుడు. అతను పుట్టింది, పెరిగింది కాలరీ క్వార్టర్లలో. క్వార్టర్ల వెనక గోడ దాటితే అడవే కాబట్టి చెట్లన్నీ అతనికి ఇంటిపక్కవాళ్లలా తెలుసు. మాకు ఏడాదికి వంద మొక్కల ఆకులు ఎండబెట్టి, అట్టలకు కుట్టి, పేర్లు రాసి ఫైలు ఇవ్వాలి. మొదటి వారమే బాటనీ సారు ఒక కొమ్మ ఎత్తి పట్టుకుని "దీని పేరేమిట్రా?" అని అడిగారు. "నల్లమద్ది సార్," అన్నాడతను. సారుది కాకినాడ వైపు. గొంతు పెద్దది. "నీ నల్లమద్ది నాకెందుకురా, లాటిన్ పేరు చెప్పు!" అని అరిచారు. "చెట్టుకు లాటిన్ ఎరుక లేదు సార్," అన్నాడు మణుగూరు అబ్బాయి ఎంతో వినయంగా. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజంతా అతన్ని వరండాలో నిలబెట్టారు. మరుసటి ఆదివారం అడవికి మొక్కల కోసం వెళ్తూ అతన్ని హాస్టలు నుంచి లేపి తోడు తీసుకెళ్లారు. ఆ తర్వాత మూడేళ్లూ ఆయన అడవికి ఎప్పుడు వెళ్లినా ముందు నడిచింది అతనే. అతను పేరు చెప్పేవాడు, సారు లాటిన్ చెప్పేవారు, ఇద్దరివీ నేను రాసుకునేదాన్ని. నా దస్తూరీ బాగుంటుందని అతని అట్టల మీద పేర్లు కూడా నాచేతే రాయించేవాడు. బదులుగా నా ఆకులు అతను ఎండబెట్టేవాడు. మా మధ్య ఇంకేమన్నా ఉందా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడుక్కున్నాను. ఉందని చెప్పడానికి మాకు వ్యవధి చాలలేదు, లేదని చెప్పడానికి మనసొప్పదు.

మూడో ఏడాది శివరాత్రి వెళ్లాక అతనికి చలిజ్వరం పట్టుకుంది. ఆ ప్రాంతంలో చలిజ్వరమంటే పెద్ద వింత కాదు. హాస్టల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ దుప్పటి కింద వణుకుతూనే ఉండేవారు. మాత్రలు మింగేవారు, లేచి వచ్చేవారు. అతనిది తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. గ్రూపు ఫొటోకు ముందు రోజు సాయంత్రం స్వెట్టరు వేసుకుని, తువ్వాలు చుట్టుకుని ప్రయోగశాలకు వచ్చాడు. కళ్లు పచ్చబడి ఉన్నాయి. అట్టల ఫైలు బెంచీ మీద పెట్టి, "సార్‌కియ్యి. డాక్టరు ఖమ్మం పెద్ద దవాఖానాకు పొమ్మన్నడు. పొద్దున బస్సుకు పోతున్న," అన్నాడు.

"రేపు ఫొటో కదా," అన్నాను నేను.

"అవ్. ఏం జేస్త మరి?"

"ఒక్క గంట ఆగలేవా? ఫొటో దిగి తర్వాత బస్సుకు వెళ్లకూడదూ? నువ్వు లేకపోతే ఆ ఫొటోలో నాకెవరున్నారు?"

అన్నాను. అందులో ఆఖరి మాట నేను ముందుగా అనుకున్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. అతను నావైపు చూశాడు. చెవులు వేడెక్కి నేను ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టాను. "గంటల ఏమైతది తియ్యి," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఫొటోగ్రాఫరు ఎనిమిదింటికి రావాలి. పదకొండింటికి వచ్చాడు. దారిలో స్కూటరు ఆగిపోయిందన్నాడు. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది, తర్వాతదీ వెళ్లిపోయింది. మణుగూరు అబ్బాయి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని వణుకుతున్నాడు. సారు వచ్చి నుదుటి మీద చేయి పెట్టి చూసి, "ఒరేయ్, కాలిపోతున్నావు. నీకు ఫొటో లేదు గీటో లేదు, పద, నేను తీసుకెళ్తాను ఖమ్మం," అన్నారు. "ఒక్కటి దిగి పోదం సార్, అందరం ఉన్నం," అన్నాడతను. సారు ఒప్పుకున్నారు. ఒప్పుకోకుండా ఉండాల్సిందని ఆయన తర్వాత అనుకున్నారో లేదో నాకు తెలియదు. అనుకునే ఉంటారు. వరుసలు సర్దుతుంటే మైదానంలో ఎండ పెనంలా ఉంది. అతను తూలాడు. నేను కుర్చీలోంచి లేచి నా బ్యాగులోంచి గొడుగు తీసి సారు చేతిలో పెట్టాను. తలెత్తి ఎవరివైపూ చూడకుండా వచ్చి కూర్చున్నాను. ఆయన దాన్ని విప్పారు. విప్పగానే ఆ పసుపు పూలు చూసి అబ్బాయిలందరూ ఈలలు వేశారు. ఆయన పట్టించుకోలేదు. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "సార్, మీరు కుర్చీలో కూర్చోవాలి. గొడుగుంటే ఫొటో పాడైపోతుంది," అన్నాడు. "పాడైతే పాడవనీ. తియ్యవయ్యా, ముందు తియ్యి," అన్నారు సారు. నేను వెనక్కి తిరిగి చూశాను. అప్పుడే తీశాడు.

మధ్యాహ్నం బస్సు ఆ రోజు రానేలేదు. మరునాడు తెల్లవారాక సారే అతన్ని ఖమ్మం తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చి, తల్లిదండ్రులకు కబురు పంపి, వాళ్లు వచ్చాక తిరిగొచ్చారు. జ్వరం తలకెక్కిందన్నారు. ఐదో రోజు పోయాడు.

పదిహేను రోజులకు ప్రయోగ పరీక్షలు. బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వచ్చి ఒక్కొక్కరి ఫైలూ తిరగేస్తున్నాడు. సారు అందరి ఫైళ్లతో పాటు మణుగూరు అబ్బాయిదీ బల్ల మీద పెట్టారు. "ఈ అబ్బాయి ఏడీ?" అని అడిగాడాయన. "ముందు ఆకులు చూడండి," అన్నారు సారు. వంద అట్టలూ ఒక్కొక్కటే తిప్పించారు. అన్నిటి మీదా నా దస్తూరీ. అన్నీ అయ్యాక పరీక్షకుడు, "చాలా బాగా చేశాడు, పిలవండి," అన్నాడు. సారు కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. జవాబు మాలో ఎవరో చెప్పారు. ఆ వేసవిలోనే సారుకు కోస్తాకు బదిలీ అయింది. ఆ తర్వాత నేను ఆయన్ను చూడలేదు.

అతని ఇంటికి వెళ్లివద్దామని అప్పుడే అనుకున్నాను. మా పెద్దమ్మ, "వెళ్లి ఎవరినని చెప్తావే?" అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగింది. వెళ్లడం మానేశాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. పెళ్లయిన కొత్తలో మా ఆయనకు ఈ సంగతి చెప్పాను. "మనం వెళ్దాం పద, నేనూ వస్తాను," అన్నాడు మంచి మనిషి. అప్పుడూ నేనే వాయిదా వేశాను. ఒక ఏడాది పదో తరగతి పరీక్షల డ్యూటీ మణుగూరులో పడింది. పన్నెండు రోజులున్నాను. వాళ్ల కాలనీ మలుపు మీదుగానే రోజూ ఆటోలో బడికి వెళ్లేదాన్ని. ఒకరోజు దిగి, మలుపు దాకా నడిచి, అక్కడ కొట్లో అక్కర్లేని సబ్బు ఒకటి కొనుక్కుని వెనక్కి వచ్చాను. తల్లి గుమ్మంలో ఎదురై "మా పిల్లగాణ్ని ఆగమన్నది నువ్వేనా?" అంటుందని నా భయం. ఆమెకు ఎలా తెలుస్తుందని ఆలోచించే తెలివి ఆ భయానికి లేదు.

ఇప్పుడు ఈ ఫొటో అచ్చులోకి వెళ్లబోతోంది. కింద నవ్వు పుట్టించే వాక్యంతో. నా విద్యార్థినికి ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను. "మేడం, పోటీ బంద్ చేస్త. పిల్లలకు నేను చెప్త," అంది. వద్దన్నాను. ఆ ఇంటివాళ్లను అడిగి చెప్తానన్నాను. రెండు రోజుల్లో ఆమే ఎవరి ద్వారానో అతని చెల్లెలి నంబరు సంపాదించి పంపింది. ఫోనెత్తిన గొంతుతో, మీ అన్నతో చదువుకున్నదాన్నని చెప్పాను. కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఏ అన్న? నా అన్ననా?" అంది. తర్వాత, "రా అక్కా," అంది. ఇంకేమీ అడగలేదు.

ఆమె కాలనీ చివర సొంత ఇంట్లో ఉంటోంది. ముందు గదిలో మిషను, చుట్టూ బడిపిల్లల యూనిఫారం గుడ్డలు. అన్న పోయేనాటికి ఎనిమిదో తరగతి పిల్ల, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. గోడ మీద తండ్రి ఫొటో ఉంది, తల మీద బాయి టోపీతో. పక్కన తల్లిది, దండతో. ఇంకెవరిదీ లేదు. నేను కవరులోంచి ఫొటో తీసి ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, ముందు వరుస నుంచి ఒక్కొక్క ముఖం మీదా వేలు పెట్టుకుంటూ వెళ్లింది. మూడో వరుసకు వచ్చేసరికి వేలు ఆగింది.

"గిదేందక్కా, గొడుగు?" అంది.

చెప్పాను. జ్వరం, ఫొటోగ్రాఫరు, సారు, అంతా. చెప్పవలసిన మాట కూడా చెప్పేశాను. "ఆగమన్నది నేనే. గొడుగూ నాదే."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. నీళ్ల గ్లాసుతో వచ్చింది. నాకిచ్చి ఎదురుగా కూర్చుంది. "ఫొటో దిగుదామని ఆగిన అని దవాఖానాల అమ్మకు చెప్పిండట. ఫొటో వచ్చినంక నీకు చూపిస్త అన్నడట. ఎవరు ఆగమన్నరో చెప్పలే. అమ్మకు ఎరుక లేదు. నాకూ ఇప్పుడే ఎరుక," అంది. "నువ్వు మాత్రం ఏం జేస్తవ్ అక్కా. ఇరవై ఏండ్ల పిల్లవు. వాని చావును నువ్వు కలగన్నవా?" అంది.

నలభై ఏళ్లుగా నేను వినాలనుకున్న మాట అది. విన్నాక ఏడుపు వస్తుందనుకున్నాను గాని రాలేదు. వచ్చిన పని గుర్తొచ్చి, మొహమాటపడుతూ, పిల్లల పోటీ సంగతి చెప్పి, నీకు ఇష్టం లేకపోతే ఆపిస్తానన్నాను. "ఏం రాసిన్రు? చదువు," అంది. చదవలేనన్నాను. ఫోను తీసుకుని తనే చదవడం మొదలుపెట్టింది. పుష్పజాతి దగ్గర పెదవి కదిలింది. పెళ్లికొడుకు దగ్గర ఒకసారి నావైపు చూసింది. వాతావరణ సమాచారం దగ్గరకొచ్చాక నవ్వు ఆగలేదు. "వాని మీదనే వాన! వాని మీదనే వాన!" అంటూ కళ్లద్దాలు తీసి, ఒళ్లో ఉన్న యూనిఫారం గుడ్డతో కళ్లొత్తుకుంటూ, మళ్లీ నవ్వుతూ, ఎక్కడ ఏడుపైందో తెలియకుండా ఏడ్చింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "గిదే వెయ్యమను అక్కా. వాడుంటే గిట్లనే నవ్వుతుండె. కానీ కింద వాని పేరు రాయమను. నవ్వినోళ్లు పేరు కూడా చదవాలె," అంది.

అలాగే వేశారు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. అన్నం తిని వెళ్లమంది, తిన్నాను. చేయి కడుక్కుని వచ్చేసరికి ఆమె ఫొటోను తల్లి ఫొటో కింద గోడకు ఆనించి, దూరం నుంచి చూస్తోంది.

"నువ్వు అప్పుడు ఆగమన్నదానికి నాకు కోపం లేదక్కా," అంది నావైపు తిరగకుండా. "గిన్నేండ్లు రాకపోతివి. గదొక్కటే." తర్వాత మెల్లగా చెప్పింది. అన్న పోయిన నెలకు సారు ఈ ఫొటో పట్టుకుని ఇంటికి వచ్చారట. తల్లి గుమ్మం దాటనివ్వలేదట. "నా కొడుకును తిన్న ఫొటో నా ఇంట్లకు రావద్దు," అని తలుపేసిందట. ఆయన చాలాసేపు బయట నిలబడి వెళ్లిపోయారట. ఇంట్లో ఉన్న ఒక్క హాల్‌టికెట్ ఫొటో పెట్టెలో చెదలపాలైంది. ఏళ్లు గడిచాయి, తండ్రి పోయాడు. తల్లికి చివరి ఏడాది మతిమరుపు వచ్చింది. అన్నిటికంటే ముందు కొడుకు ముఖం మరిచిపోయింది. పేరు గుర్తుంది, స్వెట్టరు గుర్తుంది, ముఖం గుర్తులేదు. "వాని ముక్కు నాదా, మీ నాయినదా?" అని రోజూ అడిగేదట. "అప్పుడు నేను చిన్నపిల్లను, నాకూ సరిగ్గ యాదికి లేదు. ఒకరోజు నీదే అంటి, ఒకరోజు నాయినది అంటి. ఒకరోజు, ఆ సారును పిలువు, ఫొటో తెమ్మను, నేనేమీ అనను, అన్నది. ఆయన ఏ ఊళ్ల ఉన్నడో ఏం తెలుసు? మస్తు మందిని అడిగిన. ఎవరి దగ్గరా లేదన్నరు." తల్లి పోయి మూడేళ్లయింది.

నేను ఫొటో దగ్గరకు వెళ్లి చూశాను. ముక్కు తల్లిదే. పైన ఆమె ఫొటో, కింద అతనిది, అనుమానం లేదు. ఆ సంగతి చెల్లెలితో అన్నాను. "అవ్," అంది. ఫొటో అక్కడే ఉంచేసి వచ్చాను.

ఆ తల్లి ఆ ప్రశ్న అడుగుతూ ఒక వానాకాలం, ఒక చలికాలం బతికింది. జవాబు అప్పుడు ఖమ్మంలో మా ఇంట్లో ఉంది, నేను దానిమీద చీరలు మడిచి పెట్టుకుంటున్నాను. భయపడి మనం వెళ్లకుండా వదిలేసిన ఇంట్లో, వదిలేసిన రోజు దగ్గరే కాలం ఆగి ఉంటుందని, ఎప్పుడు వెళ్లినా అదే గుమ్మం, అదే కోపం ఎదురవుతాయని ఇన్నేళ్లూ అనుకున్నాను. అక్కడా రోజులు నడుస్తూనే ఉన్నాయి. కోపం ఎప్పుడో అయిపోయింది, ఆ తర్వాత చాలాకాలం ఆ తలుపు తీసే ఉంది.